స్టేషన్‌లో వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టాలంటే ముందు డ్యూటీ చార్ట్ తీయండి

మీరు కొత్తగా పోలీస్ స్టేషన్ ఛార్జ్ తీసుకున్నారు. పైనుంచి మెమో వచ్చింది. సిబ్బందికి వెల్‌నెస్ కార్యక్రమం నిర్వహించి, ఫొటోలతో సహా రిపోర్టు పంపాలట. ఇలాంటి మెమో వస్తే మనం చేసేది తెలిసిందే. ఎవరో యోగా మాస్టారిని పిలుస్తాం. ఆదివారం పొద్దున ఆరింటికి అందరినీ గ్రౌండ్‌కి రమ్మంటాం. నైట్ డ్యూటీ దిగినవాళ్లు కూడా కళ్లు నులుముకుంటూ వచ్చి చాప మీద కూర్చుంటారు. ఫొటో తీస్తాం, రిపోర్టు పోతుంది. ఆ నైట్ డ్యూటీ వాళ్ల నిద్రలో రెండు గంటలు పోవడం తప్ప ఇంకేమీ జరగదు.

నేనూ అలాంటి రిపోర్టులు పంపినవాణ్ణే. ముప్పై ఏళ్లు యూనిఫాం వేసుకుని, ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు మొహమాటం లేకుండా చెప్పగలను. యోగా మంచిదే, కాదనను. కానీ స్టేషన్‌లో మనిషి ఆరోగ్యం చెడేది డ్యూటీ చార్ట్ దగ్గర. కాబట్టి ప్రోగ్రాం కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. కింద చెప్పేవాటిలో చాలావాటికి బడ్జెట్ అక్కర్లేదు, పైవాళ్ల ఆర్డర్ కూడా అక్కర్లేదు. స్టేషన్ ఇన్‌ఛార్జ్ అయిన ఎస్‌హెచ్‌ఓ చేతిలో ఉన్నవే.

రైటర్ టేబుల్ దగ్గర మొదలుపెట్టండి

గత నెల డ్యూటీ చార్ట్, జీడీ (రోజూ స్టేషన్‌లో జరిగేదంతా రాసే జనరల్ డైరీ) ముందు పెట్టుకుని, రికార్డులు రాసే స్టేషన్ రైటర్‌తో ఒక గంట కూర్చోండి. ఒక తెల్ల కాగితం మీద ప్రతి మనిషి పేరూ రాసి, పక్కన మూడు అంకెలు వేయించండి. నెలలో ఎన్ని ఆఫ్‌లు దొరికాయి, ఎన్ని నైట్‌లు పడ్డాయి, నైట్ దిగిన రోజే మళ్లీ ఎన్నిసార్లు డ్యూటీకి పిలిచాం. ఆ మూడో అంకెను జాగ్రత్తగా చూడండి. చార్ట్‌లో అది కనపడదు, జీడీలో దొరుకుతుంది.

ఇక్కడ మీకు రెండు విషయాలు బయటపడతాయి. ఒకటి, కష్టం అందరికీ సమానంగా పంచలేదు. అడగడం రానివాడికి, కొత్తగా వచ్చినవాడికి, ఎవరి సిఫార్సూ లేనివాడికే ఎక్కువ నైట్‌లు. రెండు, రికార్డు మీద ఉన్న బలం వేరు, నిజంగా చేతికొచ్చే బలం వేరు. ఉదాహరణకు చార్ట్ మీద 34 మంది ఉంటే, అటాచ్‌మెంట్ మీద వేరే చోటికి వెళ్లినవాళ్లు, కోర్టు కానిస్టేబుల్, సమన్లు తిప్పేవాళ్లు, లీవుల్లో ఉన్నవాళ్లు పోగా 26 మంది మిగులుతారు. ఆ 26 మందికి వారానికొక ఆఫ్ ఇవ్వాలంటే రోజుకు నలుగురు లేనట్టే. అంటే మీ స్టేషన్ నడవాల్సింది 22 మందితో. ఈ లెక్క వేసుకోకుండా ఆఫ్ ఇస్తామని రోల్‌కాల్‌లో మాట ఇస్తే, రెండో వారానికే మాట తప్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది 2019 జూన్‌లో. ప్రకటన పైనుంచి వచ్చినా, ఆ నలుగురి పని ఎవరు చూడాలనేది స్టేషన్‌లోనే తేలాలి.

చార్ట్ మీరొక్కరే వేయకండి. 2016లో ముంబయి దేవనార్ స్టేషన్‌లో ఎనిమిది గంటల షిఫ్టు ప్రయోగం మొదలైంది ఒక కానిస్టేబుల్ కూర్చుని లెక్కగట్టిన ప్రతిపాదనతోనే. మీ దగ్గర కూడా అలాంటి బుర్ర ఒకటి ఉండి ఉంటుంది. ఒక హెడ్ కానిస్టేబుల్‌ని, ఒక మహిళా కానిస్టేబుల్‌ని, ఒక హోంగార్డుని రైటర్‌తో కూర్చోబెట్టి రెండు వారాల చార్ట్ వేయమనండి. హోంగార్డు ఎందుకంటే అతనికి రోజు లెక్కన జీతం, ఆఫ్ అంటే సంతోషం కంటే భయమే ఎక్కువ. ఆ బాధ మనకు తట్టదు.

చార్ట్ ఆదివారం సాయంత్రానికల్లా గోడ మీద ఉండాలి. ఇది చాలా చిన్న పనిలా కనపడుతుంది గానీ, పిల్లవాడి స్కూల్ మీటింగ్‌కి వెళ్లగలడో లేదో మూడు రోజుల ముందే తెలిసిన మనిషికీ, పొద్దున్నే ఫోన్ వస్తే గానీ తెలియని మనిషికీ చాలా తేడా ఉంటుంది. బందోబస్తు వస్తే మారుతుంది, అందరికీ తెలుసు. మార్చినప్పుడు పోయిన ఆఫ్‌ని ఎప్పుడు తిరిగిస్తారో అదే చార్ట్ మీద ఎర్ర ఇంకుతో రాయండి.

నైట్ దిగినవాణ్ణి కోర్టుకు పంపకండి

2014లో కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్‌అండ్‌డీ కోసం మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేసిన అధ్యయనంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని తేలింది. పోలీసు ఇంట్లో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. దానికంటే నన్ను ఎక్కువగా కుదిపిన లెక్క ఇంకొకటుంది. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి బుర్ర, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి బుర్ర ఎంత మందంగా పనిచేస్తుందో అంతే మందంగా పనిచేస్తుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. మన డ్రంకెన్ డ్రైవ్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పొద్దున ఏడింటికి లేచి, రాత్రి పన్నెండున్నరకి రోడ్డు మీద బ్రీత్ ఎనలైజర్ పట్టుకుని నిలబడ్డ మన కానిస్టేబుల్ పరిస్థితి, అతను పట్టుకుంటున్న కొందరి కంటే అధ్వాన్నం. ఆ తరవాత అతనే బండి వేసుకుని ఇంటికి పోతాడు.

అందుకని నిద్ర విషయంలో నాలుగు నియమాలు పెట్టుకోండి. నాలుగూ ఒకేసారి కుదరకపోతే మొదటి రెండూ వదలకండి.

నైట్ దిగిన మనిషికి కనీసం 11 గంటలు పిలుపు రాకూడదు. ఎక్కువసార్లు దెబ్బతినేది కోర్టు దగ్గరే. సాక్ష్యం ఉన్న తేదీలు ముందే తెలుస్తాయి కదా, వారం మొదట్లోనే కోర్టు కానిస్టేబుల్ దగ్గర లిస్టు తీసుకుని, సాక్ష్యం చెప్పాల్సినవాడికి ఆ ముందు రాత్రి నైట్ పడకుండా చూడమని రైటర్‌కి చెప్పండి. పది నిమిషాల పని.

17 గంటలు దాటి మేలుకున్నవాడు ప్రభుత్వ బండి నడపకూడదు. డ్రైవర్లు ఈ మాట తమంతట తాము చెప్పరు, నామోషీ. కాబట్టి నైట్ రౌండ్స్ బయల్దేరేముందు "పొద్దున ఎన్నింటికి లేచావు?" అని ఆఫీసరే అడగాలి.

షిఫ్టు మార్చేటప్పుడు పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి జరపండి. వెనక్కి తిప్పితే ఒళ్లు త్వరగా అలవాటు పడదు.

తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య, వంతులవారీగా 20 నిమిషాలు కునుకు తీయనివ్వండి. అరగంట దాటితే లేచాక మత్తుగా ఉంటుంది కాబట్టి అలారం పెట్టుకోమనండి. ఇది చదివి కొందరు ఆఫీసర్లు మొహం చిట్లిస్తారని తెలుసు. ఎలాగూ కుర్చీలో తల వాల్చి దొంగతనంగా పడుకుంటున్నారు. ఆ 20 నిమిషాలు మీరే ఇస్తే, ఎప్పుడు ఎవరు మేలుకుని ఉన్నారో మీకు తెలుస్తుంది. సెంట్రీకి మాత్రం ఇది వర్తించదు, అతని వంతు దిగాకే.

టీ సంగతి కూడా. పడుకోవాలనుకున్న టైముకి ఆరు గంటల ముందే ఆఖరి టీ అయిపోవాలి. పొద్దున ఏడింటికి నైట్ దిగేవాడు ఐదింటికి టీ తాగితే, ఇంటికెళ్లి మంచమ్మీద దొర్లడమే.

సొరుగులో ఏముందో చూడండి

నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో రైటర్ సొరుగు తీస్తే స్టాంప్‌ప్యాడ్ పక్కన గ్యాస్ మాత్రల స్ట్రిప్పులు కట్టలుగా ఉండేవి. అందరూ వచ్చి తీసుకునేవారు, ఎవరి దగ్గర అయిపోతే వాళ్లు తెచ్చి పెట్టేవారు. అదొక సహకార సంఘం. మీ స్టేషన్ సొరుగు కూడా ఒకసారి తీయించి చూడండి, హెల్త్ సర్వే సగం అక్కడే అయిపోతుంది.

మిగతా సగానికి దగ్గర్లోని పీహెచ్‌సీకి గానీ ఏరియా ఆసుపత్రికి గానీ ఉత్తరం రాయండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితమే. మెడికల్ క్యాంపు పెట్టి ఒక్కరోజులో తేల్చేయొద్దు, ఆ రోజు నైట్‌లో ఉన్నవాళ్లు, బందోబస్తుకు పోయినవాళ్లు తప్పిపోతారు. రోజుకు ఐదుగురు చొప్పున వారం పంపండి, డ్యూటీ టైములోనే. టేపుతో నడుము కొలత కూడా తీయించండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలని లెక్క. ట్రాఫిక్‌లో ఉన్నవాళ్లకు వినికిడి పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష అదనంగా అడగండి. కాలి నరాలు ఉబ్బినవాళ్లని అడిగితే చూపిస్తారు, అడగకపోతే ప్యాంటు కింద దాచుకుంటారు.

రిపోర్టులు ఎవరివి వాళ్ల చేతికే వెళ్లాలి. మీకు కావలసింది మొత్తం లెక్క మాత్రమే. ఇంతమందికి బీపీ ఎక్కువ, ఇంతమందికి షుగర్ అనే ఒక్క ముక్క. ఫలానావాడికి షుగర్ అని రోల్‌కాల్‌లో జోకు పడిందో, వచ్చే ఏడాది ఒక్కడూ పరీక్షకు రాడు. పోలీసుల ఆరోగ్య పథకం ఆరోగ్య భద్రత కింద ఏ ఆసుపత్రులు ఉన్నాయో, మానసిక వైద్యానికి ఏమేం వర్తిస్తుందో జిల్లా ఆఫీసులో కనుక్కుని నోటీసు బోర్డు మీద పెట్టించండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. బందోబస్తు ప్యాకెట్‌లో పులిహోరో బిర్యానీయో వస్తుంది, మధ్యాహ్నం పెట్టాల్సింది నాలుగింటికి అందుతుంది. దానితోపాటు అరటిపండు, ఉడికించిన గుడ్డు, మజ్జిగ ప్యాకెట్ పెట్టించగలిగితే చాలు. అంతకంటే ముఖ్యం, బందోబస్తు స్కెచ్‌లో పాయింట్లు గుర్తుపెట్టేటప్పుడే మహిళా సిబ్బందికి టాయిలెట్ ఎక్కడో గుర్తుపెట్టండి. దగ్గర్లోని బడి, పెట్రోల్ బంకు, ఫంక్షన్ హాలు, ఏదైనా సరే, ముందురోజే తాళం సంగతి మాట్లాడాలి. వినాయక నిమజ్జనం రోజు టాయిలెట్ దొరకదని పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా నిలబడే అమ్మాయిలు ప్రతి స్టేషన్‌లోనూ ఉన్నారు. మనకు చెప్పరు.

చెడ్డ సీన్ తరవాత మొదటి రోజు

ఒక ఎండాకాలం చెరువులో ఇద్దరు పిల్లలు మునిగిపోయారు. మా కానిస్టేబుల్ ఒకతను ఈతగాళ్లతోపాటు నీళ్లలో దిగి, పెద్దపిల్లను తనే ఎత్తుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టాడు. ఇన్‌క్వెస్ట్ అయ్యేదాకా ఉన్నాడు, పోస్టుమార్టానికి వెంట వెళ్లాడు, తల్లి అరుపులన్నీ విన్నాడు. సాయంత్రం స్టేషన్‌కి వచ్చేసరికి ప్యాంటు ఇంకా మోకాళ్ల దాకా తడి. నేనేం చేశానంటే, మనిషి కొరత అని చెప్పి రాత్రి పికెట్‌కి వేశాను. "సరే సార్" అని వెళ్లిపోయాడు. ఆ తరవాత చాలా రోజులకు హెడ్ కానిస్టేబుల్ చెప్పాడు, ఆ అబ్బాయి చెరువుగట్టు మీదుగా రావడం మానేసి మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వస్తున్నాడని. అతని కూతురికీ అదే వయసు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

అలాంటి రోజు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి. పిల్లల చావు, తోటి ఉద్యోగి చావు, కాలిపోయిన శవం, కాల్పులు, పెద్ద యాక్సిడెంటు, వీటిలో ఏది జరిగినా రాత్రికి చార్ట్‌లోంచి వాళ్ల పేరు తీసేయాలి. స్నానానికి నీళ్లు, మార్చుకోను బట్టలు, వేడిగా ఏదైనా తినడానికి. ఇంటికి ఒంటరిగా బండి మీద పంపకండి, ఎవరైనా దింపి రావాలి. మరుసటి రోజు మీరే ఒక ఫోన్ చేయండి. "ఎలా ఉన్నావు, పడుకున్నావా, తిన్నావా" అంతే. కేసు సంగతి ఆ ఫోన్‌లో ఎత్తకండి.

ఒకటి మాత్రం చేయకండి. అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఏం చూశారో, ఏమనిపించిందో ఒక్కొక్కరుగా చెప్పమని బలవంతపెట్టకండి. ఒకప్పుడు ఇది మంచి పద్ధతి అనుకునేవారు. ఒక్క సిట్టింగ్‌లో అలా తవ్వడం వల్ల తరవాతి జబ్బు ఆగదనీ, కొందరికి ఇంకా హెచ్చవుతుందనీ తేలాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంటోంది. చెప్పాలనుకున్నవాడు చెబుతాడు, అప్పుడు వినండి.

ఆ తరవాత నెల రోజులు కనిపెట్టి ఉండాలి. మొదటి వారం నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మామూలే, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా అదే సీన్ కళ్లముందు తిరుగుతోందన్నా, ఆ చోటికి వెళ్లలేకపోతున్నా, ఇంట్లో చిన్నదానికి పెద్దదానికి ఎగురుతున్నా డాక్టర్ దగ్గరికి పంపాల్సిన టైము వచ్చినట్టు.

మాట్లాడే మనిషిని వెతకండి, నియమించకండి

ప్రతి స్టేషన్‌లో ఒకరుంటారు, అందరూ వెళ్లి చెప్పుకునేవారు. ఎక్కువగా పాత హెడ్ కానిస్టేబుల్ అయ్యుంటాడు, ఒక్కోసారి రిసెప్షన్‌లో కూర్చునే మహిళా కానిస్టేబుల్. చిట్టీల మీద పేర్లు రాసిమ్మని అడగండి, "ఇంట్లో ఏదైనా ఇబ్బంది వస్తే మన స్టేషన్‌లో ముందు ఎవరికి చెబుతావు?" అని. రెండు మూడు పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. వాళ్లే మీ మనుషులు. మీ పేరు రాలేదని బాధపడకండి. ఏటా పనితీరు రిపోర్టు (ఏసీఆర్) రాసేవాడికి ఎవరూ గుండె విప్పి చెప్పరు.

ఆ ఇద్దరు ముగ్గురికీ జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగం నుంచి ఒక డాక్టర్‌ని పిలిపించి ఒకరోజు శిక్షణ ఇప్పించండి. వినడం, సలహాలు గుప్పించకపోవడం, ఎప్పుడు డాక్టర్‌కి అప్పజెప్పాలో గుర్తించడం, అంతవరకే. వాళ్లు విన్నది మీకు చెప్పాల్సిన పని లేదు, ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే తప్ప. ఈ నియమం రోల్‌కాల్‌లో అందరి ముందూ చెప్పండి, మీరూ పాటించండి. చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు కూడా.

బయట ఎవరికైనా చెప్పుకోవాలనుకునేవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబర్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. మందు మానలేకపోతున్నవాళ్లకు 14446. ఈ రెండు నంబర్లూ ఎస్‌హెచ్‌ఓ గది బయట కాదు, బ్యారక్ లోపల అద్దం పక్కన అంటించండి. గది బయటైతే, దాన్ని చదువుతూ నిలబడ్డవాణ్ణి అందరూ చూస్తారు.

అప్పులు, ఆన్‌లైన్ బెట్టింగ్ సంగతి విడిగా చెప్పాలి. "టెన్షన్" అని వచ్చినవాళ్లలో చాలామందికి లోపల ఉన్నది వడ్డీ. అలాంటివాడికి ధ్యానం నేర్పడం కంటే, క్రెడిట్ సొసైటీ సెక్రటరీతో అరగంట కూర్చోబెట్టి అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించడం మేలు.

తుపాకీ దగ్గర మొహమాటం వద్దు

మాట తగ్గిపోవడం, తనకిష్టమైన వస్తువులు పంచేయడం, "నేను లేకపోయినా మీరు నడిపించుకుంటారులే" లాంటి మాటలు, ఉన్నట్టుండి తాగుడు పెరగడం. ఇవి కనపడితే సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం వద్దు, అలా జరగదు. అందరూ చెప్పుకునే ఆ హెడ్ కానిస్టేబుల్ పక్కకు తీసుకెళ్లి, "తమ్ముడూ, చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా? నాకు చెప్పు, నలుగురిలో పెట్టను గానీ నిన్నొక్కణ్ణీ వదలను" అంటే చాలు. డొంకతిరుగుడుగా అడిగితే డొంకతిరుగుడు జవాబే వస్తుంది.

అవునంటే ఆ క్షణం నుంచి మూడు పనులు. ఒంటరిగా వదలకూడదు. ఆయుధం ఉన్న డ్యూటీ నుంచి తప్పించాలి. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయుధం తప్పించేటప్పుడు అందరి ముందూ వెపన్ దింపించడం, మెమో ఇవ్వడం లాంటివి చేస్తే ఉన్న కాస్త పరువూ తీసినట్టే. "రికార్డు పని పెండింగ్ ఉంది, రెండు వారాలు రైటర్‌కి సాయం చెయ్" అని మార్చేయండి. తిరిగి ఆయుధం ఇచ్చేది డాక్టర్ సరేనన్నాకే. సిక్ పాస్‌పోర్టు (ఆసుపత్రికి పంపే చీటీ) రాసేటప్పుడు కారణం దగ్గర ఊళ్లోవాళ్లందరూ చదివేలా వివరం అక్కర్లేదు. ఒకవేళ ప్రయత్నం చేసి బతికి బయటపడితే, తీవ్రమైన ఒత్తిడిలో చేశాడనే చట్టం భావించాలని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఊళ్లో ఇలాంటి కేసు వస్తే మనం పాటించాల్సిన సెక్షన్, మన మనిషికీ వర్తిస్తుంది.

ఫైర్ స్టేషన్‌లో, 108లో పనిచేసేవాళ్లకూ ఇవే పనికొస్తాయి, ఆయుధం మాట తప్ప. 108 బండిలో ఉండేది ఈఎంటీ (అత్యవసర వైద్య సాయం చేసేవాడు), పైలట్ (డ్రైవర్) ఇద్దరే కాబట్టి ఒక చెడ్డ కేసు తరవాత వెంటనే ఇంకో కాల్ తీసుకునేలోపు వాళ్లకు ఊపిరి తీసుకునే టైము ఎవరు ఇస్తారో ముందే తేల్చుకోవాలి.

మూడు నెలలకు ఏం లెక్క చూడాలి

యోగాకి ఎంతమంది వచ్చారన్నది లెక్క కాదు. మొదటి రోజు వేసిన తెల్ల కాగితం మళ్లీ తీయండి. రావాల్సిన ఆఫ్‌లలో ఎన్ని ఇవ్వలేకపోయాం, నైట్ దిగిన రోజు మళ్లీ పిలిచింది ఎన్నిసార్లు, అడిగిన సీఎల్‌లలో ఎన్ని కాదన్నాం. ఈ మూడూ తగ్గాయో పెరిగాయో రోల్‌కాల్‌లో చదవండి. పెరిగితే పెరిగాయని చెప్పండి. పైకి పంపే రిపోర్టులో ఫొటోతోపాటు ఈ అంకెలు కూడా పెట్టండి, బలం కొరత గురించి వంద ఉత్తరాలు రాసినా కదలని ఫైలు ఒక్కోసారి ఇలాంటి అంకెకు కదులుతుంది.

మీకు ఏడాదికో రెండేళ్లకో బదిలీ వస్తుంది. కొత్త ఎస్‌హెచ్‌ఓకి ఛార్జ్ ఇచ్చేటప్పుడు పెండింగ్ కేసుల లిస్టుతోపాటు మూడు కాగితాలు జతచేయండి: నడుస్తున్న చార్ట్, చెడ్డ సీన్ రోజు చేయాల్సిన పనుల లిస్టు, ఎర్ర ఇంకుతో రాసి ఇంకా తిరిగివ్వని ఆఫ్‌ల లెక్క. మూడోదాని మీద సంతకం తీసుకోండి.